సొంతిల్లు అద్దెకిచ్చి అద్దింట్లో ఉంటున్నాం

డిసెంబరులో మా ఆయన పిన్ని కొడుకు బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. ఇద్దరు పిల్లలు. పాప మూడో తరగతి, బాబు ఒకటి. ఆఫీసువాళ్ళు ఇంటి నుంచే పని చేసుకోమన్నారట, వచ్చే జూన్‌కి వైజాగ్ వచ్చేద్దామనుకుంటున్నారు. "వదినా, ఏ ఏరియా తీసుకోమంటావు? ఏది బాగా డెవలప్ అవుతుంది?" అని అడిగాడు.

ఆలోచించి చెప్తానని పెట్టేశాను. మూడున్నరేళ్ళ కిందట హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు మేమూ అచ్చం ఇదే ప్రశ్న పట్టుకుని తిరిగాం. అడిగినవాళ్ళంతా ఒకటే మాట చెప్పారు: మధురవాడ దాటి వెళ్ళండి, కొమ్మాది, ఇంకా పైకి. వాళ్ళు తప్పు చెప్పలేదు. కొమ్మాది అవతల మేం కొన్న ఫ్లాటు ధర ఇవాళ చూస్తే మా ఆయన ముఖం వెలుగుతుంది. అయినా పదమూడు నెలలకే సామాను సర్దుకుని సింహాచలం దగ్గర ప్రహ్లాదపురం వచ్చేశాం. ఇక్కడ అద్దెకుంటున్నాం. ఆ ఫ్లాటులో వేరేవాళ్ళు అద్దెకుంటున్నారు. వాళ్ళిచ్చే అద్దె మా ఈఎంఐలో సగం కూడా రాదు. మా అత్తగారు శ్రీకాకుళం నుంచి వచ్చినప్పుడల్లా "సొంతిల్లు పెట్టుకుని పరాయింట్లో ఏటమ్మా ఈ బతుకు" అంటారు. ఆవిడకి చెప్పలేని జవాబే ఇక్కడ రాస్తున్నాను.

చార్టు పేపరు

కొమ్మాది అవతలి అపార్ట్‌మెంట్ గురించి చెడ్డగా చెప్పడానికి ఏమీ లేదు. ఐదో అంతస్తు. బాల్కనీలోంచి కంబాలకొండ వైపు పచ్చగా కనపడేది. స్విమ్మింగ్ పూల్, జిమ్, గేటు దగ్గర వాచ్‌మన్, పేరు రాయించుకోనిదే ఎవరినీ లోపలికి రానివ్వని రిజిస్టరు. నీళ్ళు మాత్రం ఎండాకాలంలో ట్యాంకర్లే. ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిపేసేవారు కాబట్టి పెద్దగా తెలిసేది కాదు.

మా అబ్బాయి అప్పుడు మూడో తరగతి. ఒకరోజు రాత్రి ఎనిమిదింటికి, ఏ పిల్లాడైనా సరిగ్గా ఆ టైముకే చెప్పే మాట చెప్పాడు: "అమ్మా, రేపు చార్టు తీసుకెళ్ళాలి." పసుపు రంగు చార్టు పేపరు ఒక్కటి. గేటు దాటితే రెండు పక్కలా ఖాళీ లేఅవుట్లు. స్టేషనరీ కొట్టు ఉన్నది హైవే అవతల. ఆరు లేన్ల హైవే, లారీలు ఆగవు. యూటర్న్ చేసి వెళ్ళి రావడానికి కారు తీశాం. పది రూపాయల కాగితానికి ముప్పావుగంట పట్టింది. మా ఆయన దారి పొడుగునా ఏమీ మాట్లాడలేదు. తిరిగొస్తూ హోర్డింగులు చూసి "ఇదంతా ఇంకో ఐదేళ్ళలో మారిపోతుంది" అన్నారు. వెనక సీట్లో మా అబ్బాయి చార్టు గుండ్రంగా చుట్టుకుని కూర్చున్నాడు. ఐదేళ్ళు పోతే వీడు ఎనిమిదో తరగతి కదా అని ఆ రోజే మొదటిసారి లెక్కేశాను.

ఆ లెక్క మొదలయ్యాక ఆగలేదు. ఫ్లాటు అమ్మినతను మాకు మ్యాపు పరిచి, స్టీల్ ప్లాంటు నుంచి కొమ్మాది దాకా మెట్రో గీత వేలితో గీసి చూపించాడు. విశాఖ మెట్రో మాట 2014 విభజన చట్టంలోనే ఉంది, సాధ్యమో కాదో పరిశీలించాలని. మా అబ్బాయి పుట్టింది ఆ ఏడాదే. ఇప్పుడు వాడు ఆరో తరగతి. మెట్రోకి ఇంకా పట్టాలు పడలేదు. వెక్కిరింపుగా అనడం లేదు, ఊళ్ళకి అన్నేళ్ళు పడతాయి. భోగాపురం ఎయిర్‌పోర్టు కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశామో ఉత్తరాంధ్రలో అందరికీ తెలుసు. కానీ పిల్లలు మనింట్లో స్కూలు పిల్లలుగా ఉండేది మహా అయితే పది, పన్నెండేళ్ళు. ఇంటర్‌కి హాస్టల్లో వేస్తే అందులోంచి రెండేళ్ళు తీసేయాలి. ఆ తర్వాత హైదరాబాదో, బెంగళూరో, అమెరికానో. "ఇంకో పదేళ్ళలో" అని ఎవరైనా అన్నారంటే, మన పిల్లలు వెళ్ళిపోయాక అని అర్థం చేసుకోవాలి.

ఇదే నా అభిప్రాయం, ముందే చెప్పేస్తాను. బడికెళ్ళే పిల్లలుంటే, డెవలప్ అయ్యే ఏరియాలో కావాలంటే కొనండి, ఉండటానికి మాత్రం డెవలప్ అయిపోయిన ఏరియాకి రండి. కొనే చోటూ ఉండే చోటూ ఒకటే కావాలన్న పట్టుదల వల్లే మాలాంటివాళ్ళం ఇరుక్కుంటాం.

బస్సులో గడిచిన ఆరో తరగతి

మా అమ్మాయి స్కూలు పేరున్నదే. హైదరాబాదులో ఉండగానే ఫోన్లో సీటు ఖాయం చేసుకున్నాం. ఇల్లు తర్వాత చూసుకున్నాం. మా స్నేహితుల్లో చాలామంది ఇలాగే చేస్తారు. స్కూలు బస్సు మా గేటు దగ్గరికే వస్తుందన్నారు, నిజంగానే వచ్చేది. పొద్దున ఏడూ ఐదుకి. అక్కణ్ణుంచి మూడు కాలనీలు చుట్టి, హనుమంతవాక దగ్గర ఆగి ఆగి, ఎనిమిదీ ఇరవైకి స్కూలు. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఐదుంపావు. ఆరో తరగతి పిల్ల రోజుకి రెండున్నర గంటలు బస్సులో కూర్చునేది. హోంవర్కు బస్సులోనే చేసేసేది, అది తెలివి అనుకున్నాను. తెలుగు నోట్సులో అక్షరాలు వంకర్లు పోతుంటే టీచరు పిలిపించి అడిగింది. అప్పుడు తెలిసింది అది రోడ్డు గతుకుల చేతిరాత అని.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని కింద రాసుకున్న నిబంధనల ప్రకారం ఒకటి నుంచి ఐదు దాకా బడి కిలోమీటరు లోపు ఉండాలి, ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపు. ఎంతవరకు అమలవుతోందన్నది వేరే సంగతి. కానీ పిల్లల కాళ్ళు ఎంత దూరం నడుస్తాయో ఆ నిబంధన రాసినవాళ్ళు ఒక్క క్షణమైనా ఆలోచించారు. ఫీజు కట్టే స్తోమత ఉన్న మేం అది ఆలోచించలేదు. ఏసీ బస్సు ఉందా, జీపీఎస్ ఉందా అని అడిగాం. ఆ జీపీఎస్‌లో బస్సు హనుమంతవాక దగ్గర కదలకుండా ఉండటం ఆఫీసులో కూర్చుని చూసేదాన్ని.

నా ఆఫీసు దొండపర్తి. నేనూ రోజూ అదే హైవే మీద అంతే సేపు గడిపేదాన్ని. ఇంట్లోంచి పని చేసే మా ఆయన ఒక్కరే ఆ ఇంటిని నిజంగా అనుభవించింది. ఈ మాటంటే ఆయన ఒప్పుకోరు.

రిజిస్ట్రేషన్ జరగని చోటు

ప్రహ్లాదపురం మా ప్లాన్‌లో లేదు. మా ఆఫీసులో ఒకావిడ సింహాచలం దారిలో ఉంటారు, వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాం. పిల్లలు భోజనాలయ్యాక కనపడలేదు. టెన్షన్ పడి వెతికితే నాలుగు సందులవతల, ఆ ఇంటి పిల్లలతో కలిసి ఎవరో ముసలాయన పెరట్లో జామచెట్టు కింద ఉన్నారు. మా అమ్మాయి చెప్పులు కూడా లేకుండా ఉంది. ఏడాదిలో దానికి తెలిసిన వీధి అదొక్కటే అనిపించింది. అపార్ట్‌మెంట్‌లో ఉన్నవి వీధులు కావు, పార్కింగులు.

ఇక్కడ కొందామంటే మా ఆయన మొదటి రోజే కొట్టిపారేశారు. వైజాగ్ వాళ్ళకి పంచగ్రామాల గొడవ చెప్పక్కర్లేదు. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం, ఈ ఊళ్ళ భూములు సింహాచలం దేవస్థానానివా, అక్కడుంటున్న జనానివా అన్నది దశాబ్దాలుగా తేలలేదు. ప్రతి ఎన్నికకీ తేలుస్తామంటారు. రిజిస్ట్రేషన్లు లేవు, కొత్తగా కట్టాలన్నా, పాతది బాగుచేయాలన్నా తలనొప్పే. మా కాలనీలో ఏ ఇల్లు ఆ లెక్కలోకొస్తుందో, ఏది రాదో నాకూ పూర్తిగా అర్థం కాలేదు. ఈ పక్కన ఎవరైనా కొందామనుకుంటే వకీలు దగ్గరికి వెళ్ళకుండా అడుగు వేయొద్దు.

కానీ అద్దెకుండేవాళ్ళకి ఆ గొడవతో పనేముంది? నాకు కొంచెం సిగ్గుగానే ఉంటుంది ఈ మాట రాయాలంటే. ఎవరి ఇల్లు వాళ్ళ పేరు మీద లేక ముప్పై, నలభై ఏళ్ళుగా కుమిలిపోతున్న కుటుంబాలున్నాయి ఇక్కడ. ఆ ఇబ్బంది పుణ్యమా అనే చుట్టుపక్కల కొన్ని వీధుల్లో పాత ఇళ్ళు కూలి ఐదంతస్తులు లేవలేదు. పెరళ్ళు మిగిలాయి, అద్దెలు తక్కువ. వాళ్ళ కష్టం మాకు కలిసొచ్చింది. దీన్ని న్యాయం అనలేను.

స్కూలు ఇంటికి కిలోమీటరు పైన కొంచెం. పేరు చెప్తే ఎవరికీ తెలియని స్కూలు. మొదటి ఏడాది లెక్కల మాస్టారు మధ్యలో మానేసి వెళ్ళిపోతే రెండు నెలలు కొత్తవారిని పెట్టలేదు. నేను మళ్ళీ తప్పు చేశానా అని రాత్రిళ్ళు నిద్రపోలేదు. చివరికి మా ఆయనే రోజూ సాయంత్రం కూర్చోబెట్టి లెక్కలు చెప్పారు. చెప్పగలిగారు, ఎందుకంటే పిల్లలు నాలుగుంపావుకే ఇంట్లో ఉంటున్నారు. బస్సు రోజుల్లో అయితే ఆ టైముకి ఎక్కడో ఎండాడ దగ్గర ఉండేవాళ్ళు.

కొత్త మాస్టారు వచ్చారు, బాగా చెప్తారు. అయినా చదువు విషయంలో నేను గెలిచానని అనను. పాత స్కూల్లో సైన్సు ల్యాబు, లైబ్రరీ ఇక్కడ లేవు. ఇంగ్లీషు మాట్లాడటం మా అబ్బాయికి ఖచ్చితంగా తగ్గింది. తెలుగు పెరిగింది, అదీ ఎలాంటి తెలుగంటే "ఏటీ, ఎల్లిపోతన్నావా" అనే తెలుగు. వాళ్ళ నానమ్మకి మాత్రం పరమానందం.

ఇంకో మాట, హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళకి. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు వరుసగా ఇక్కడ చదివితే కాలేజీ సీట్లకి ఏయూ (ఆంధ్ర యూనివర్సిటీ) లోకల్ కింద లెక్క. పెద్దపిల్లలుంటే ఏరియా సంగతి తర్వాత, ముందు తొమ్మిదో తరగతికల్లా ఇక్కడ చేరేలా చూసుకోండి.

2020 మే 7

నేను ఇంత చెప్తున్నా, ఈ చోటు గురించి ఒక్క విషయం మాత్రం నన్ను వదలదు. మా ఇంటి నుంచి ఆర్ఆర్ వెంకటాపురం దూరం కాదు. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ అనే విషపు ఆవిరి వచ్చింది అక్కడి ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచే. పన్నెండు మంది పోయారు. మా ఓనరుగారు రిటైరైన రైల్వే ఉద్యోగి. ఆ రాత్రి ఆయనా, భార్యా లుంగీ, చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని స్కూటరు మీద ఎటు వెళ్తున్నారో తెలియకుండా వెళ్ళారట. ఆవిడ ఇప్పటికీ కొత్త పెయింటు వాసనొస్తే బయటికి వచ్చేస్తారు. ఇల్లు ఇచ్చేముందు ఆయనే చెప్పారు. "పిల్లలున్నారు కదమ్మా, తెలియకుండా దిగారని రేపు అనుకోకూడదు" అన్నారు.

ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు నడవడం లేదు. మా ఆయన వాదనేమిటంటే వైజాగ్‌లో ఎటు వెళ్ళినా ఏదో ఒకటి ఉంటుంది. మల్కాపురం వైపు రిఫైనరీ, పాతబస్తీలో పోర్టు బొగ్గు దుమ్ము, పరవాడలో ఫార్మా. నిజానికి ఈ విషయంలో గాలి మంచిది, ఫ్యాక్టరీలు లేవు అని గట్టిగా చెప్పుకోగలిగింది మేం వదిలేసి వచ్చిన మధురవాడ వైపే. డబ్బున్నవాళ్ళు అటు ఎందుకు వెళ్ళారో ఆ ఒక్క ముక్కతో అర్థమవుతుంది. దీనికి నా దగ్గర సమాధానం లేదు. పాత ఏరియాలు పెరిగింది ఫ్యాక్టరీల చుట్టూనే. రోజూ పనికి నడిచి వెళ్ళేవాళ్ళు ఉన్నారు కాబట్టే ఇక్కడ కొట్లు, బళ్ళు, బస్సులు అన్నీ దగ్గరగా పడ్డాయి. ఒకటి కావాలంటే రెండోది వెంట వస్తుంది.

మా ఆఫీసులో ఇంకొకావిడ 2008లో పీఎం పాలెం వెళ్ళిపోయారు, అప్పటికి అక్కడేముంది, స్టేడియం, నాలుగు ఇళ్ళు. నా థియరీ చెప్తే నవ్వేశారు. "మా వాడి చిన్నతనం అంతా ఇసక కుప్పలు, కంకర కుప్పల మీదే గడిచింది. వాడికి అంతకంటే మంచి పార్కు దొరకదు" అన్నారు. ఇప్పుడు ఆవిడ ఇంటి చుట్టూ లేనిది లేదు. అలా కలిసొచ్చినవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ అప్పట్లో వాళ్ళ కుప్పల చుట్టూ గేటు లేదు, గేటు దగ్గర రిజిస్టరు లేదు. పిల్లలు పక్క సైటులోకి దూరిపోయేవారు. ఇప్పటి గేటెడ్ కమ్యూనిటీలో ఇసక కుప్ప ఎక్కితే వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడతారు.

మా అమ్మాయి మాట

మా అబ్బాయి సంగతి తేలిక. వాడికి సైకిలుంది. కొట్టాయన వాణ్ణి పేరు పెట్టి పిలుస్తాడు. ఒకసారి నేను పాలకి వెళ్తే "ఏటమ్మా, మీ గుంటడు మెయిన్ రోడ్డు మీద సైకిలు అలాగ తోలుతున్నాడు, చెప్పండి కొంచెం" అన్నాడు. ముందు రోషం వచ్చింది, ఇంటికొచ్చేలోపు ధైర్యం వచ్చింది. మొన్న ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో జనం మా రోడ్డు మీదుగానే వెళ్ళారు, కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లు. వీధివాళ్ళు మజ్జిగ పందిరి వేస్తే వాడు అర్ధరాత్రి దాకా గ్లాసులు అందించాడు. పొద్దున లేచి "అమ్మా, మొత్తం వైజాగ్ మన ఇంటి ముందు నుంచే వెళ్ళింది" అన్నాడు.

మా అమ్మాయి కథ వేరు. ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఏడాది కిందట ఒకరోజు ట్యూషన్ నుంచి రుసరుసలాడుతూ వచ్చింది. టీ బడ్డీ దగ్గర కూర్చునే కుర్రాళ్ళు ఏమైనా అన్నారేమో అనుకున్నాను. కాదట. ఎదురింటావిడ ఆపి "ఏమ్మా, ఇంత లేటయింది? నిన్న స్కూటీ మీద దింపినమ్మాయి ఎవరు?" అని అడిగిందట.

"నాకు ఆ అపార్ట్‌మెంటే బాగుండేదమ్మా" అంది. "అక్కడ నేనెవరో ఎవరికీ అక్కర్లేదు."

మా అబ్బాయికి ధైర్యంగా ఉన్నదే దీనికి కాపలాగా తగిలింది. కొట్టాయన వాడి సైకిలు గురించి చెప్తే నాకు బాగుంది. ఎదురింటావిడ దీని రాకపోకలు లెక్కపెడితే దీనికి ఊపిరాడటం లేదు. మగపిల్లాడికీ ఆడపిల్లకీ ఒకే వీధి ఒకేలా ఉండదని నాకు తెలియనిది కాదు. ఉత్తరాంధ్రలో ఒక చిన్న ఊళ్ళో పెరిగినదాన్ని, ఇలాంటి ఎదురింటావిడలు పన్నెండు మంది ఉండేవారు మాకు. పారిపోయి హైదరాబాదు వెళ్ళినదాన్ని. మళ్ళీ పిల్లని తెచ్చి అలాంటి చోటే పెట్టాను.

ఎదురింటావిడతో ఒక మాట చెప్పాను, మెత్తగానే. ఆవిడ నొచ్చుకున్నారు. "మంచికే కదమ్మా అడిగాను" అన్నారు. నిజమే, మంచికే. నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత మా అమ్మాయికి డెంగ్యూ వచ్చి హాస్పిటల్లో ఉన్నప్పుడు నాలుగు రోజులు మా అబ్బాయికి రెండు పూటలా అన్నం పెట్టింది ఆవిడే. ఇలా రాస్తే లెక్క సరిపోయినట్టు అనిపిస్తుంది. మా అమ్మాయి లెక్కలో ఇది సరిపోలేదు. ఇంటర్‌కి హాస్టల్‌కి వెళ్ళిపోతానని ఇప్పట్నుంచే అంటోంది.

మరిది వచ్చి వెళ్ళాడు

సంక్రాంతికి మా మరిది, డిసెంబరులో ఫోన్ చేసినతనే, కుటుంబంతో వచ్చాడు. 2025 అక్టోబరులో గూగుల్ పదిహేను బిలియన్ డాలర్ల డేటా సెంటర్ ప్రకటన వచ్చిందగ్గర్నుంచి మా చుట్టాల్లో తర్లువాడ, ఆనందపురం పేర్లు ఎత్తనివాళ్ళు లేరు, ఇతను కూడా ఎత్తాడు. కనుమ మర్నాడు అన్నదమ్ములిద్దరూ కారేసుకుని అటు ప్లాట్లు చూసొచ్చారు. డేటా సెంటర్ పక్కన ఇల్లుంటే మూడో తరగతి పిల్లకి ఏం ఒరుగుతుందని అడిగాను. "అది ఇన్వెస్ట్‌మెంట్ వదినా" అన్నాడు. సరే, కొనుక్కో, కానీ ఉండటానికి మురళీనగరో, మాధవధారో, ఇటు పక్కో అద్దెకి చూడు, ఒక్క ఏడాది చూసి నచ్చకపోతే వెళ్ళిపో అన్నాను. తోటికోడలు నా వైపు, మా ఆయన సహజంగానే తమ్ముడి వైపు.

సాయంత్రం వాళ్ళ పాపని తీసుకుని మా అబ్బాయి కొట్టుకి వెళ్ళాడు, పాల ప్యాకెట్టుకి. పది నిమిషాల పని. ఇరవై అయింది, రాలేదు. మా మరిది గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఫోన్ ఉందా వాడి దగ్గర అన్నాడు. లేదన్నాను. అరగంటయ్యేసరికి చెప్పులు వేసుకుని రోడ్డు మీదికి వెళ్ళబోతుంటే ఇద్దరూ సందు మలుపులో కనపడ్డారు. పాప చేతిలో సగం తిన్న జామకాయ, పాల ప్యాకెట్టు మా వాడి చేతిలో.

"నాన్నా, ఆ కొట్టు తాతయ్య నన్ను ఎవరి తాలూకమ్మా అని అడిగాడు. తాలూకు అంటే ఏంటి? ఏం చెప్పాలి?"

మా మరిది ఇంకా ఊపిరి పీల్చుకోలేదు. లోపల గదిలోంచి మా అమ్మాయి, పుస్తకంలోంచి తలెత్తకుండానే, "అదిగో, మొదలైంది" అంది.